చదరంగం మీకు ఎంత వచ్చో ఇంట్లోనే పరీక్షించుకోండి: పావుల నుంచి ప్లాన్ దాకా

"మావాడికి చెస్ మొత్తం వచ్చు సార్. టోర్నమెంటుకు పంపించడమే తరువాయి."

తిరుపతి బైరాగిపట్టెడలో మా మిద్దెమీద ఆదివారాలు పిల్లలకు చదరంగం చెప్తాను. కొత్తగా పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళలో చాలామంది ఈ మాటతోనే మెట్లెక్కుతారు. నేను పిల్లవాణ్ణి ప్రశ్నలేమీ అడగను. చుట్టిపెట్టిన షీటు బోర్డు, పావుల సంచి చేతికిచ్చి "సర్దు నాయనా" అంటాను, అంతే.

పోయిన వేసవిలో ఒక అబ్బాయి చకచకా సర్దేశాడు. మంత్రి ఎక్కడుండాలిరా అని వాళ్ళమ్మే ముచ్చటగా అడిగింది. "తన రంగు గడిలో" అని ఠక్కున చెప్పాడు. తెల్ల మంత్రిని తెల్లగడిలో, నల్ల మంత్రిని నల్లగడిలో పెట్టాడు కూడా. కాకపోతే బోర్డునే అడ్డంగా పరిచాడు. కుడిచేతి వైపు మూలగడి తెల్లగా ఉండాలి, వాడి బోర్డుకు నల్లగా ఉంది. దాంతో సూత్రం ఎక్కడా తప్పకుండానే రాజూ మంత్రీ చోట్లు మారిపోయాయి. పది నిమిషాలు ఆడాడు, తేడా కనబడలేదు.

అడిగితే చెప్పడం ఒకటి, ఎవరూ అడక్కపోయినా కంటికి ఆనడం ఇంకొకటి. ఆటలో కూర్చున్నాక "ఇప్పుడు నీ ఏనుగు ప్రమాదంలో ఉంది, చూసుకో" అని చెప్పేవాళ్ళెవరూ ఉండరు. కింద ఇచ్చిన పరీక్షలన్నీ ఆ రెండోదాని కోసం నేను పిల్లలతో చేస్తూ చేస్తూ కూర్చుకున్నవి. చదరంగం సరిగ్గా రాని తల్లిదండ్రులు కూడా పెట్టగలిగేలా జవాబులు అక్కడికక్కడే రాశాను. పెద్దవాళ్ళు తమకు తామే పెట్టుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు

గళ్ళ పేర్లు అంచుల్లో ముద్రించి ఉన్న బోర్డు ఒకటి, ఒక లాంగ్ నోటుబుక్కు, టైము చూసుకోవడానికి ఫోను చాలు. ఐదో పరీక్షలో ఒకదానికి మాత్రం ఇంకో బోర్డు, పావులు కావాలి. చెస్ క్లాక్ ఉంటే మరీ మంచిది. అన్నీ ఒకే రోజు పెట్టకండి. రోజుకు ముప్పావుగంట చొప్పున ఐదారు రోజులు పడుతుంది. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు గాలిగోపురం దాకా ఉరికినవాడు ఆ తర్వాత ఎలా చతికిలపడతాడో మనకు తెలిసిందే.

పరీక్ష పెట్టేవాళ్ళు ఒక్క నియమం గట్టిగా పాటించాలి. మొహంలో ఏమీ కనబడనివ్వకూడదు. పిల్లలు బోర్డును కాదు, మన కళ్ళను చదువుతారు. తప్పు పావు మీద చెయ్యి పడగానే మనం ఊపిరి బిగబట్టినా వాళ్ళకు తెలిసిపోతుంది. నేను పరీక్ష పెట్టేటప్పుడు నోటుబుక్కు వైపే చూస్తూ కూర్చుంటాను.

మొదటి పరీక్ష: బోర్డు, పావులు

సర్దడం అయ్యాక బోర్డు తీసి పక్కన పెట్టేయండి. ఇప్పుడు నోటి లెక్క. ఇ4 ఏ రంగు గడి? జి5? బి7? ఎఫ్6? జవాబులు వరుసగా తెలుపు, నలుపు, తెలుపు, నలుపు. కిటుకు చిన్నదే. ఎ అంటే 1, బి అంటే 2, అలా హెచ్ అంటే 8 అనుకుని, దానికి గడి అంకె కలపాలి. సరిసంఖ్య వస్తే నల్లగడి, బేసి వస్తే తెల్లగడి. మొదట్లో వేళ్ళమీద లెక్కపెడతారు, ఫర్వాలేదు. రెండు వారాలకు లెక్క అవసరం ఉండదు. తర్వాత ఈ ప్రశ్న వేయండి: ఎఫ్1లో ఉన్న శకటు డి4లో ఉన్న బంటును ఎప్పటికైనా కొట్టగలదా? కొట్టలేదు. ఎఫ్1 తెలుపు, డి4 నలుపు. శకటు పుట్టిన రంగు విడిచిపెట్టదు. కొన్ని ఇళ్ళల్లో శకటును ఒంటె అంటారు, కోచింగుల్లో బిషప్ అంటారు. ఏ పేరైనా ఒకటే, పరీక్షలో పేరుకు మార్కులు వేయకండి.

ఖాళీ బోర్డు మీద ఒక్క పావు పెడితే అది ఎన్ని గళ్ళకు వెళ్ళగలదో అడగండి. ముందు ఏనుగు. మూలలో ఉంటే ఎన్ని, మధ్యలో ఉంటే ఎన్ని? మధ్యలో ఎక్కువ అని నూటికి తొంభైమంది అంటారు. ఎక్కడున్నా 14 గళ్ళే. శకటుకు అంచు గడిలో 7, నడిమధ్యలో 13. మంత్రికి మూలలో 21, మధ్యలో 27. గుర్రానికి మూలలో 2, మధ్యలో 8. ఈ అంకెలు బట్టీ పట్టించడానికి కాదు. గుర్రం మూలకు పోతే ముక్కాలు వంతు బలం పోతుందని, ఏనుగుకు ఆ బాధ లేదని పిల్లవాడు తనే లెక్కపెట్టి కనుక్కోవాలి. "గుర్రాన్ని అంచుకు తోలొద్దు" అని వందసార్లు చెప్పినా దిగనిది ఈ ఒక్క లెక్కతో దిగుతుంది.

ఈ పరీక్షలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గుర్రం లెక్క. ఎ1లో గుర్రం పెట్టి, దానికి మూలగా ఆనుకుని ఉన్న బి2కు తక్కువ ఎత్తుల్లో తీసుకెళ్ళమనండి. రెండు ఎత్తులంటారు, ప్రయత్నిస్తారు, కుదరదు. మూడు అంటారు. అప్పుడు ఆపి, "ఎ1 ఏ రంగు? బి2 ఏ రంగు? గుర్రం దూకిన ప్రతిసారీ రంగు ఏమవుతుంది?" అని మాత్రం అడగండి. రెండూ నల్లగళ్ళే. గుర్రం ప్రతి దూకుడుకూ రంగు మారుస్తుంది. కాబట్టి బేసి ఎత్తుల్లో చేరడం అసాధ్యం. జవాబు 4: ఎ1 నుంచి బి3, సి5, డి3, బి2. పోయిన నెల ఒక ఎనిమిదేళ్ళ పాప మూడు ఎత్తులు ఎందుకు కుదరవో తనంతట తనే చెప్పి, "అయితే ఎదురుమూలకు కూడా సరిసంఖ్యే కదా సార్" అంది. ఎ1 నుంచి హెచ్8కు 6 ఎత్తులు. నేనింకా ఆ ప్రశ్న అడగనే లేదు.

రెండో పరీక్ష: రూల్సు

ఇక్కడ ఎక్కువ టైము పెట్టండి. మన ఇళ్ళల్లో చదరంగం తాతల దగ్గర నుంచి, పక్కింటి అన్నల దగ్గర నుంచి వచ్చింది. దాంతోపాటు ఇంటి రూల్సు కూడా వచ్చాయి. మొదటి ఎత్తుకు రెండు బంట్లను ఒక్కో గడి జరపొచ్చు అంటారు. చివరిదాకా వెళ్ళిన బంటుకు బదులు చచ్చిన పావునే తీసుకోవాలి అంటారు. పాత దేశవాళీ పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది, రాజుకు ఒక్కసారి గుర్రపు దూకుడు ఉండేది. అవి తప్పులని నేననను. మన పెద్దవాళ్ళు ఆడిన ఆట అది. కానీ 1924లో పారిస్‌లో పుట్టిన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య, అదే ఫిడే, దాని రూల్స్ ప్రకారమే టోర్నమెంట్లు నడుస్తాయి. కాబట్టి ముందు పిల్లవాణ్ణి "మీ ఇంట్లో ఎలా ఆడతారు?" అని అడిగి, తేడాలు ఒక పేజీలో రాయించండి. ఏది ఇంటి రూలో తెలియకుండా పెరగడమే అసలు చిక్కు.

క్యాస్లింగ్ (రాజును ఏనుగు వైపు రెండు గళ్ళు జరిపి, ఆ ఏనుగును రాజుకు అవతలి పక్కన పెట్టే ఎత్తు) గురించి "షరతులు చెప్పు" అనకండి. అప్పజెప్పేస్తారు. బోర్డు మీద స్థితి పెట్టి అవునా కాదా అనండి. ఏనుగు మీద దాడి ఉంది, క్యాస్లింగ్ చేయొచ్చా? చేయొచ్చు. మంత్రి వైపు క్యాస్లింగ్‌లో బి1 గడి మీద శత్రువు చూపు ఉంది, చేయొచ్చా? చేయొచ్చు, రాజు ఆ గడి దాటడు కదా. డి1 మీద ఉంటే? కుదరదు, రాజు దాటే గడి అది. రాజుకు ఇంతకుముందు ఒకసారి చెక్ (రాజు మీద దాడి) తగిలింది కానీ కదలకుండా అడ్డుపెట్టుకున్నాడు, ఇప్పుడు చేయొచ్చా? భేషుగ్గా చేయొచ్చు. ఈ నాలుగిట్లో నాలుగూ చెప్పినవాళ్ళు మా మిద్దెమీద చాలా తక్కువ. పిల్లలు చిన్నబుచ్చుకుంటే నేనొక సంగతి చెప్తాను. 1974లో మాస్కోలో కార్పోవ్‌తో క్యాండిడేట్స్ ఫైనల్ (ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే పోటీ) ఆడుతూ, ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళలో ఒకడైన విక్టర్ కోర్చ్‌నోయ్ ఆట మధ్యలో ఆర్బిటర్ (టోర్నమెంటు జడ్జి) దగ్గరికి వెళ్ళి, ఏనుగు మీద దాడి ఉండగా క్యాస్లింగ్ చేయొచ్చా అని అడిగాడు. అంతటివాడు అడిగి తెలుసుకున్నాడు, మనమూ అడగొచ్చు.

ఎన్ పాసాంట్ అంటే రెండు గళ్ళు దూకి మన బంటు పక్కకు వచ్చిన బంటును, అది ఒక్క గడే నడిచినట్టు కొట్టడం. ఎలా కొట్టాలో చాలామందికి తెలుసు. ఎప్పుడు చేజారిపోతుందో తెలియదు. ఎదుటి బంటు రెండు గళ్ళు దూకి మన బంటు పక్కన నిలిచిన వెంటనే, ఆ మరుసటి ఎత్తులోనే కొట్టాలి. ఒక్క ఎత్తు ఆగితే హక్కు పోయినట్టే. పరీక్షగా అలాంటి స్థితి పెట్టి, మీరు రెండు గళ్ళు దూకించి, ఏమీ అనకుండా ఎదురుచూడండి. చూశాడా లేదా, అదే మార్కు.

స్టేల్‌మేట్‌కు ఒక చిన్న స్థితి చాలు. నల్లరాజు ఎ8 మూలలో ఒంటరిగా ఉన్నాడు. తెల్లరాజు ఎక్కడో దూరంగా ఉన్నాడు. తెల్ల మంత్రిని బి6లో పెట్టండి. నలుపు ఎత్తు. ఏమైంది? చెక్ లేదు, ఎ7, బి7, బి8 మూడూ మంత్రి చూపులో ఉన్నాయి, కదిలే దారి లేదు. డ్రా. గెలిచామని లేచి నిలబడే పిల్లలు ఎంతమందో.

మూడుసార్లు అదే స్థితి వస్తే డ్రా అడగొచ్చు అన్నది కూడా సగం తెలిసిన రూలే. వరుసగా మూడుసార్లు రానక్కర్లేదు. ఎత్తులు ఒకటే అయితే చాలదు. స్థితి అదే, ఆడాల్సినవాడు అతనే, క్యాస్లింగ్, ఎన్ పాసాంట్ హక్కులూ అవే అయి ఉండాలి. మన ఎత్తుతో మూడోసారి వస్తుందనుకుంటే, పావు జరపకుండా ముందు స్కోర్‌షీటులో (ఎత్తులు రాసుకునే కాగితంలో) ఆ ఎత్తు రాసి, గడియారం ఆపి ఆర్బిటర్‌కు చెప్పాలి. ఐదుసార్లు వస్తే ఎవరూ అడక్కపోయినా డ్రానే. అలాగే బంటు కదలకుండా, పావు కొట్టకుండా ఇద్దరూ 50 ఎత్తులు ఆడితే డ్రా అడగొచ్చు, 75 అయితే దానంతట అదే డ్రా.

ఇక చేతి రూల్సు. వీటిని ఎవరూ పరీక్షించరు, ఓటములు మాత్రం ఇక్కడే జరుగుతాయి. రెండేళ్ళ కిందట చిత్తూరులో ఒక టోర్నమెంటుకు మా మేనల్లుణ్ణి తీసుకెళ్ళాను. మూడో రౌండులో మంచి స్థితిలో ఉండి క్యాస్లింగ్ చేయబోయాడు. ముందు ఏనుగును పట్టుకున్నాడు. ఎదుటి పిల్లవాడు చెయ్యెత్తాడు. ముందుగా ఏనుగును ముట్టుకుంటే ఆ వైపు క్యాస్లింగ్ లేదు, ఏనుగునే కదపాలి. ఆర్బిటర్ రూలు ప్రకారమే చెప్పారు. ఆ ఏనుగును జరిపాక రాజు నడిబోర్డులో చిక్కుకుపోయాడు, ఇంకో పది ఎత్తులకు ఆట పోయింది. తిరుపతి బస్సెక్కేదాకా మాట్లాడలేదు వాడు. "మామా, షరతులన్నీ చెప్పావు గానీ ముందు రాజును పట్టుకోవాలని చెప్పలేదే" అన్నాడు కాణిపాకం క్రాస్ దాటాక. నిజమే, నేను చెప్పలేదు. అప్పటి నుంచి ఈ పరీక్షలో చేతిని కూడా చూస్తున్నాను.

ఏం చూడాలంటే, క్యాస్లింగ్ ఒక్క చేత్తో, రాజుతో మొదలుపెడుతున్నాడా? ఎత్తు వేసిన చేత్తోనే గడియారం నొక్కుతున్నాడా? వంకరగా ఉన్న పావును సర్దేముందు "అడ్జస్ట్" అని నోటితో అంటున్నాడా? బంటు చివరి వరుస చేరాక కొత్త పావు పెట్టి, ఆ తర్వాతే గడియారం నొక్కుతున్నాడా? బంటును అలాగే వదిలి నొక్కితే అది అక్రమ ఎత్తు. క్లాసికల్ ఆటలో, అంటే ఎక్కువ టైమిచ్చే ఆటలో, మొదటి అక్రమ ఎత్తుకు ఎదుటివాడికి 2 నిమిషాలు కలుపుతారు, రెండోదానికి ఆట పోతుంది. రెండో మంత్రి దొరక్కపోతే ఏనుగును తలకిందులు చేసి పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. టోర్నమెంటులో అది ఏనుగే. 2017 కెనడా ఛాంపియన్‌షిప్ టైబ్రేక్‌లో సరిగ్గా ఇదే జరిగి, తలకిందుల ఏనుగును ఆర్బిటర్ ఏనుగుగానే లెక్కకట్టారు. గడియారం ఆపి, మంత్రి కావాలని అడగాలి.

టైము అయిపోతే ఓటమే అనుకుంటారు. ఎదుటివాడి దగ్గర ఒంటరి రాజే ఉంటే అది డ్రా. కానీ అతనికి ఒక్క గుర్రం ఉండి, మనకు బంటు మిగిలి ఉంటే? ఎంత వింత ఎత్తులు వేసినా సరే, మేట్ (రాజు తప్పించుకోలేని చెక్) అయ్యే దారి ఒకటైనా ఉందంటే మనం ఓడినట్టే. ఈ ప్రశ్నకు పెద్దవాళ్ళు కూడా తడబడతారు.

మూడో పరీక్ష: ముగింపు ఆట, గడియారంతో

ఒక వైపు రాజు, మంత్రి. ఇంకోవైపు ఒంటరి రాజు. రెండు నిమిషాల టైము పెట్టి మేట్ చేయమనండి. ఖచ్చితంగా ఆడితే ఏ స్థితి నుంచైనా 10 ఎత్తులు చాలు. నేర్చుకునేవాళ్ళు 20 లోపు చేస్తే పాస్ అనుకోండి. ఏనుగుతో అయితే ఖచ్చితమైన లెక్క 16, మనవాళ్ళకు 30 ఇద్దాం. పెట్టేవాళ్ళు ఒంటరి రాజును మొండిగా నడిబోర్డులోనే నిలుపుతూ ఆడాలి, దయ చూపకూడదు. మంత్రితో మేట్ చేసేటప్పుడు స్టేల్‌మేట్ అయితే మళ్ళీ మొదటి నుంచి.

తర్వాత బంటు ముగింపు. దీన్ని బోరు అని తోసేస్తారు పిల్లలు. అందుకే ముందు గుకేశ్ కథ చెప్తాను. 2024 డిసెంబర్ 12, సింగపూర్. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో చివరిదైన 14వ ఆట, స్కోరు ఆరున్నర ఆరున్నర. చెన్నైలో పెరిగిన మన తెలుగింటి పిల్లవాడు, 18 ఏళ్ళవాడు. బోర్డు మీద ఏనుగులు, శకటులు ఉండగా డ్రా అయ్యేలాగే ఉంది. 55వ ఎత్తులో ఎదుటి ఆటగాడు, అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ ఏనుగును ఎఫ్2కు జరిపాడు. గుకేశ్ ఆ ఏనుగులు మార్చేసి, శకటును డి5లో పెట్టి శకటులు కూడా మారక తప్పని స్థితి తెచ్చాడు. మిగిలేది రాజులు, బంట్లు. గుకేశ్‌కు రెండు బంట్లు, డింగ్‌కు ఒకటి. ఇంకో మూడు ఎత్తుల్లో ఆట ముగిసింది. ప్రపంచ కిరీటం తేలింది ఒక రాజు, బంటు ముగింపు మీద. ఇది విన్నాక ఎవరూ బోరు అనరు.

ఇప్పుడు స్థితి. తెల్లరాజు ఇ4, తెల్ల బంటు ఇ3, నల్లరాజు ఇ6. నలుపు ఆడాల్సి ఉంటే? తెలుపు గెలుస్తుంది, ఎందుకంటే నల్లరాజు పక్కకు తప్పుకోవాలి, తెల్లరాజు ఇంకోవైపు నుంచి ముందుకు దూరతాడు. తెలుపే ఆడాల్సి ఉంటే డ్రా. ఎదురెదురుగా ఒక గడి ఎడంతో నిలబడ్డ రాజుల్లో ముందు కదిలినవాడిదే నష్టం. దీన్నే అపోజిషన్ అంటారు. ఇదంతా చెప్పనివ్వండి, మార్కు వేయకండి. ఇప్పుడు బంటును ఒక్క గడి వెనక్కి, ఇ2కు పెట్టండి. తెలుపు ఆడాలి. ఇప్పుడేమవుతుంది?

అపోజిషన్ అని నోటితో చెప్పినవాళ్ళలో సగంమంది ఇక్కడ మళ్ళీ "డ్రా" అంటారు. బంటును ఇ3కు ఒక్క గడి తోస్తే చాలు. స్థితి అంతకుముందుదే, కాకపోతే ఆడాల్సింది ఇప్పుడు నలుపు. చేతిలో ఖర్చుపెట్టుకోవడానికి ఒక్క ఎత్తు మిగిలి ఉండటం అంటే ఇది. ఈ తేడాను తనే పట్టుకున్న పిల్లవాడికి నేను ఈ భాగంలో నిండు మార్కులు వేసేస్తాను.

ఇంకో రెండు చిన్నవి. తెల్ల బంటు ఎ5, తెల్లరాజు దూరంగా హెచ్1లో, నల్లరాజు ఇ5. నలుపు ముందు ఆడితే బంటును పట్టుకుంటాడు, తెలుపు ముందు ఆడితే పట్టుకోలేడు. పావులు జరపకుండా, బంటు నుంచి చివరి గడి దాకా ఉన్న దూరంతో చతురస్రం ఊహించుకుని చెప్పాలి. రెండోది: తెలుపుకు తెల్లగళ్ళ శకటు, హెచ్ బంటు. నల్లరాజు హెచ్8లో. ఒక పావు, ఒక బంటు ఎక్కువ, గెలుపేనా? డ్రా. హెచ్8 నల్లగడి, ఆ శకటు నల్లరాజును మూల నుంచి బయటికి తోలలేదు. మొదటి రోజు నేర్చుకున్న గళ్ళ రంగు లెక్క ఇక్కడ పనికొచ్చింది చూడండి.

నాలుగో పరీక్ష: చెప్పకుండా కనుక్కోవడం

పజిల్ పుస్తకాలు, యాప్‌లు మంచివే. కానీ "తెలుపు ఆడి మూడు ఎత్తుల్లో గెలుస్తుంది" అని పైన రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యమే సగం జవాబు. అందుకే నేను పది స్థితులు పెడితే అందులో మూడింట్లో ఏ కిటుకూ ఉండదు, మామూలు మంచి ఎత్తు వేస్తే చాలు. ఒక్కో దానికి మూడు నిమిషాలు. ఎత్తు, దానికి ఎదుటివాడి గట్టి జవాబు, రెండూ రాయాలి. ఎదుటివాడి జవాబు రాయకపోతే సున్నా. స్థితులు ఎక్కడ దొరుకుతాయి అంటే, చెస్ వెబ్‌సైట్ అయిన లీచెస్‌లో ఉచితంగా దొరికే పజిల్స్ నుంచి ఏడు, పిల్లవాడి సొంత ఆటల నుంచి ప్రశాంతంగా ఉన్నవి మూడు తీసుకోండి. మొదటిసారి పెట్టినప్పుడు ఏమీ లేని స్థితుల్లో మంత్రిని బలిపెట్టి మేట్ ఉందని రాసినవాళ్ళున్నారు. పజిల్స్ ఎక్కువ చేసిన పిల్లలే అలా చేశారు.

ఒక స్థితి మాత్రం నేను తప్పక పెడతాను. ఆట మొదటి నుంచి వరుసగా ఆడండి: తెల్లబంటు ఇ4, నల్లబంటు ఇ5. తెల్లగుర్రం ఎఫ్3, నల్లగుర్రం సి6. తెల్లశకటు సి4, నల్లగుర్రం అక్కడి నుంచి డి4కు. ఇప్పుడు ఇ5 బంటుకు కాపలా లేదు, ఊరికే వస్తోంది. గుర్రంతో కొడతావా? కొడితే నల్ల మంత్రి జి5కు వస్తుంది. గుర్రం ఎఫ్7ను కొట్టి మంత్రినీ ఏనుగునూ ఒకేసారి బెదిరిస్తుంది, భలే అనిపిస్తుంది. నల్ల మంత్రి జి2ను కొడుతుంది, తెల్ల ఏనుగు ఎఫ్1కు తప్పుకుంటుంది, మంత్రి ఇ4ను కొట్టి చెక్ ఇస్తుంది, శకటు ఇ2లో అడ్డుపడుతుంది, నల్లగుర్రం ఎఫ్3కు వచ్చి మేట్. ఏడు ఎత్తుల్లో ఆట అయిపోయింది. డి4 గుర్రాన్ని కొట్టేయడమో, ప్రశాంతంగా క్యాస్లింగ్ చేయడమో మేలు. ఇక్కడ మార్కు జవాబుకు కాదు. "ఊరికే ఎందుకిస్తున్నాడు?" అని పిల్లవాడు ఆగి ఆలోచించాడా అన్నదానికి.

ఐదో పరీక్ష: ప్లాన్

స్ట్రాటజీని అవును, కాదుల్లో పరీక్షించలేం. "నడిబోర్డును పట్టుకోవాలి, పావులు త్వరగా బయటికి తేవాలి" అని ఎవరైనా చెప్తారు. నేను వాడేది కాగితం కప్పే పద్ధతి. కోనేరు హంపి, పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక, ఈ ముగ్గురి ఆటలు డేటాబేసుల్లో కావలసినన్ని ఉన్నాయి. హంపివి ఎక్కువ వాడతాను. గుడివాడ అమ్మాయి, 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్, 2019లో ఒకసారి, 2024లో మళ్ళీ ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్. ఆటను 12వ ఎత్తు దాకా బోర్డు మీద ఆడించి, మిగతా ఎత్తుల మీద కాగితం కప్పేయండి. ఇక ఒక్కో ఎత్తు పిల్లవాడు ఊహించి రాయాలి, పక్కన ఒక్క వాక్యంలో కారణం రాయాలి. తర్వాత కాగితం ఒక్క గీత కిందికి జరపాలి.

ఎత్తు కలిస్తే సంతోషమే. కానీ నేను చదివేది కారణాన్ని. "బాగుందని" అని రాస్తే, ఎత్తు కలిసినా ఒక్క మార్కే. "నా ఏనుగుకు పని లేదు, సి వరుస తెరుచుకోబోతోంది, అక్కడ పెడుతున్నా" అని రాసి ఎత్తు కలవకపోతే రెండు మార్కులు. ఏమీ తోచక ఆగిపోతే రెండు ప్రశ్నలు మాత్రం అందించొచ్చు: నీ పావుల్లో పనిలేకుండా కూర్చున్నది ఏది? ఎదుటివాడికి ఇంకో ఎత్తు ఉచితంగా ఇస్తే ఏం ఆడతాడు? రెండోదాన్ని మావాళ్ళు మొదట్లో విసుక్కునేవారు. ఇప్పుడు ఆటల మధ్యలో ఆ ప్రశ్న పెదవులమీద కదలడం నాకు కనబడుతుంది.

ఇంకో పరీక్ష మనస్తత్వ శాస్త్రవేత్తల నుంచి అరువు తెచ్చుకున్నాను. 1973లో చేజ్, సైమన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఆటగాళ్ళకు ఐదు సెకన్లు బోర్డు చూపించి, గుర్తున్నంత మళ్ళీ సర్దమన్నారు. నిజమైన ఆటలోని స్థితి అయితే మాస్టర్ కొత్తవాళ్ళకన్నా ఎంతో ఎక్కువ సర్దాడు. పావుల్ని ఇష్టం వచ్చినట్టు చల్లి చూపిస్తే ఆ తేడా దాదాపు మాయమైంది. మాస్టరుది మంచి జ్ఞాపకశక్తి అనుకుంటాం కానీ, అతనికి కనబడేది విడివిడి పావులు కాదు, గుంపులు.

ఇంట్లో ఇది సులువు. నిజమైన ఆటలోని 20వ ఎత్తు తర్వాతి స్థితి పెట్టి, తువ్వాలు కప్పి, ఐదు సెకన్లు తీసి మళ్ళీ కప్పండి. రెండో బోర్డు మీద సర్దమనండి. ఎన్ని సరిగ్గా పెట్టాడో లెక్కపెట్టండి. తర్వాత అన్నే పావుల్ని చిందరవందరగా పెట్టి మళ్ళీ. రెండు అంకెల మధ్య ఎడం ఎంత ఉంటే అంత నేర్చుకున్నట్టు. అంకెలకన్నా సర్దే వరుస చూడండి. కొత్తవాడు ఎ వరుస నుంచి హెచ్ దాకా చీపురుతో ఊడ్చినట్టు వెళ్తాడు. కాస్త నేర్చినవాడు క్యాస్లింగ్ చేసిన రాజు, పక్కన ఏనుగు, ముందు మూడు బంట్లు, ఐదిటినీ ఒక్క గుక్కలో పెట్టేసి, ఆ తర్వాత కొద్దిసేపు ఆగి ఆలోచిస్తాడు.

చివరిగా సొంత ఆటలు

ఇప్పటిదాకా పెట్టినవన్నీ మనం వండిన పరీక్షలు. అసలుది స్కోర్‌షీటు. ఈమధ్య ఓడిన మూడు ఆటలు తీసుకుని, ఇంజిన్ (స్టాక్‌ఫిష్ లాంటి, ఎత్తులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రాం) తెరవకుండా, "ఆట ఎక్కడ పోయింది?" అన్నదానికి ఎత్తు నంబరు రాయమనండి. ఆ తర్వాతే స్టాక్‌ఫిష్‌తో చూడండి. చాలామంది చివరి తప్పును రాస్తారు. మంత్రిని పోగొట్టుకున్న 31వ ఎత్తు కళ్ళకు కడుతుంది, దానికి దారితీసిన 22వ ఎత్తు గుర్తుండదు. పిల్లవాడు రాసిన నంబరుకూ ఇంజిన్ చూపిన నంబరుకూ మధ్య ఎన్ని ఎత్తుల తేడా ఉందో నోటుబుక్కులో రాసిపెట్టండి. నెలనెలా ఆ తేడా తగ్గుతుంటే ఆట పెరుగుతున్నట్టే, రేటింగ్ (ఆటగాడి స్థాయి చెప్పే అధికారిక అంకె) ఇంకా రాకపోయినా. ఫిడే రేటింగ్ కనీస స్థాయిని 2024 మార్చిలో 1000 నుంచి 1400కు పెంచారు. కాబట్టి రేటింగ్ రాలేదని పిల్లల్ని తక్కువ అంచనా వేసే తల్లిదండ్రులకు ఈ తేడా చూపిస్తుంటాను.

మార్కులు కూడి మొత్తం కట్టకండి. మొత్తం వల్ల ఏమీ తెలియదు. రూల్సులో పోతే ఒక్క వారం చాలు, ముందు అది సరిచేసి ఆ తర్వాతే టోర్నమెంటుకు పంపండి. ముగింపు ఆటలో పోతే రోజూ పడుకునే ముందు ఒక్క బంటు స్థితి చాలు. నాలుగో పరీక్షలో పోతే పజిల్స్ సంఖ్య తగ్గించి, ఒక్కోదాని మీద టైము పెంచండి. ఐదోదానిలో పోతే కంగారు పడకండి, దానికి ఏళ్ళు పడుతుంది.

మూడు వారాల తర్వాత ఇవే పరీక్షలు మళ్ళీ పెట్టండి, కానీ రంగులు మార్చి, బోర్డును అవతలి వైపు నుంచి. ఇ4లో ఉన్న తెల్లరాజు స్థానంలో ఇ5లో నల్లరాజు, ఇ2 బంటుకు బదులు ఇ7లో నల్ల బంటు, ఇ6 నల్లరాజుకు బదులు ఇ3లో తెల్లరాజు, ఆడాల్సింది నలుపు. స్థితి అదే. బట్టీ పట్టినవాడు ఇదెప్పుడూ చూడలేదంటాడు. మా మేనల్లుడు మొన్న రెండు నిమిషాలు చూసి, ఏమీ అనకుండా ఇ7 బంటును ఒక్క గడి తోసి, అదే చేత్తో గడియారం నొక్కాడు.